కాళ్ళబేరం

బజారులో ఒక సూత్రం ఉంది. నడిచిపోయేవాడు దారినపోయేవాడు, ఆగినవాడు గిరాకీ. ఏ కొట్టు ముందయినా మనిషి కాలు నిలిచిందంటే లోపలున్నవాడి చూపు ముందు ఆ కాలి మీదే పడుతుంది. ఎందుకు ఆగాడు, దేన్ని చూస్తున్నాడు, గుమ్మం ఎక్కుతాడా లేదా అని లోపలే లెక్క కట్టుకుంటాడు. కాలు నొప్పెట్టి ఆగాడని మాత్రం ఎవడూ అనుకోడు. అంతెందుకు, తన కాలు తనను ఆపేదాకా దూదన్న కూడా లోకంలో అలాంటి ఆగడం ఒకటి ఉంటుందని అనుకోలేదు.

దూదన్న అసలు పేరు బ్యాంకువాళ్ళకు తప్ప ఎవరికీ గుర్తులేదు. దూది పరుపులు కుట్టించి అమ్ముతాడు గనక దూదన్న. ఆయన తమ్ముడికి అదే వీధిలో స్పాంజి పరుపుల కొట్టు ఉంది గనక బజారు అతనికి స్పాంజి అని పేరు పెట్టింది. ఒకప్పుడు ఇద్దరిదీ ఒకే కొట్టు. కాలం మారుతోంది, స్పాంజి కూడా పెడదాం అన్నాడు తమ్ముడు. "గాలి అమ్ముకు బతికే ఖర్మ మనకేంట్రా?" అన్నాడు అన్న. గిరాకీల ఎదుట అన్నాడు, పైగా నవ్వుతూ అన్నాడు. తిట్టు ఎన్నాళ్ళకో అరుగుతుంది గాని నవ్వు అరగదు. తమ్ముడు వేరుపడి, అన్న ఇంటికీ అన్న కొట్టుకీ సరిగ్గా నడిమధ్య స్థలం వెతికి పట్టుకుని బోర్డు కట్టాడు. రోజూ పొద్దునా సాయంత్రమూ అన్న ఆ బోర్డు కింద నుంచి నడవాల్సిందే. "పడుకోండి, చూడండి, కొనండి" అని ఎర్రటి అక్షరాలు.

ఆనాటి నుంచీ మాటల్లేవు. అన్న భార్య పోయినప్పుడు తమ్ముడు వచ్చి, వాకిట్లో నిలబడి, వచ్చినవాళ్ళతో పాటు వెళ్ళిపోయాడు. అన్నకు పిల్లలు లేరు. ఆ తర్వాత ఇంట్లో మాట్లాడేది రేడియో ఒక్కటే.

వ్యాపారం మాట ఎలా ఉన్నా, ఇద్దరూ సగం సగం గెలిచారనే చెప్పాలి. స్పాంజి బాగా పోతోంది. నడుంనొప్పి వచ్చినవాళ్ళు మాత్రం తిరిగి తిరిగి దూదన్న దగ్గరికే వస్తున్నారు. కొట్టు నడుస్తోంది. నడవనిది కాలు.

మొదట్లో అది చిన్న విషయంలాగే వచ్చింది. ఇంటి నుంచి కొట్టు దాకా నడిచి, ఇక వచ్చేశాం అనుకునే వేళకు కుడి పిక్క పట్టేసేది. ఎవరో పిక్కను గుప్పిట్లో పెట్టుకుని తడిబట్ట పిండినట్టు పిండేవాళ్ళు. కాసేపు నిలబడితే వదిలేసేది. మళ్ళీ నడిస్తే మళ్ళీ అంతే దూరానికి పట్టేసేది. మందుల కొట్టువాడు వివరం విని, "నరాల బలహీనతండీ" అన్నాడు. మన భాషలో నరానికి పని ఎక్కువ. స్పర్శ తెచ్చేదీ నరమే, రక్తం మోసేదీ నరమే. మందుల కొట్టువాడు ఒక నరానికి మందిస్తే జబ్బు ఇంకో నరంలో ఉంది. దూదన్న ఎర్ర మాత్రలు మింగుతూనే ఉన్నాడు, పిక్క తన దారిన తాను పట్టుకుంటూనే ఉంది.

పైగా ఆ పట్టుకునే చోటు వెనక్కి జరగడం మొదలుపెట్టింది. మొదట సొంత కొట్టు ముందే. తర్వాత చెప్పుల కొట్టు ముందు. తర్వాత ఫొటోలకు ఫ్రేములు కట్టే కొట్టు ముందు. కాలు కుంటుపడిందని తెలిస్తే కొట్టు కుంటుపడినట్టే లెక్క. సరుకు వేసేవాడు ముఖం చాటేస్తాడు, కొనేవాడు మూసేసే కొట్టు గదా అని సగానికి అడుగుతాడు. అందుకని దూదన్న ఆగిన చోటల్లా బేరం నటించాడు. చెప్పులను అటూ ఇటూ తిప్పి చూశాడు. ఫ్రేముల కొట్టు దగ్గర నటన మరీ ముదిరి ఒక పెద్ద ఫ్రేము కొనాల్సి వచ్చింది. అందులో నమూనాకని పెట్టిన ఫొటో ఉంది. ఎవరో మొగుడూ పెళ్ళాం, ఇద్దరు పిల్లలు, నలుగురూ పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతున్నారు. అది తీసి పెట్టడానికి తన దగ్గర అంత పెద్ద ఫొటో ఏదీ లేక, ఆ నవ్వేవాళ్ళనే గోడకు తగిలించాడు.

ఇలా జరిగి జరిగి ఆ చోటు తమ్ముడి కొట్టు ముందుకు వచ్చి కూర్చుంది.

అక్కడ ఏం నటించాలి? ధర అడగలేడు. పరుపు నొక్కి చూడలేడు. కరెంటు స్తంభాన్ని ఆనుకుని, తల పైకెత్తి, "పడుకోండి, చూడండి, కొనండి" అని చదువుకుంటూ నిలబడేవాడు. వెనక సందులోంచి ఇంకో దారి ఉంది గాని దానికి మెట్లు. మెట్టంటే పిక్కకు మరీ కోపం. పోనీ బండి ఎక్కుదామంటే, ఎప్పుడూ నడిచే మనిషి బండి ఎక్కాడేమిటని అడగనివాడు పాపాత్ముడు. బోర్డు కింద నిలబడటమే చవక అనుకున్నాడు. అక్కడే లెక్క తప్పింది.

తమ్ముడి కొట్టుకు ఎదురుగా, ప్లాట్‌ఫారం మీద తాళాలు బాగుచేసే మనిషి కూర్చుంటాడు. పోయిన తాళంచెవుల కన్నా వీధిలో రహస్యాలే అతని దగ్గర ఎక్కువ. ఒకరోజు పొద్దున్న తాళంచెవిని ఆకురాయితో రాస్తూ, తల ఎత్తకుండానే పలకరించాడు.

"ఇవాళ కూడా వచ్చారా షావుకారుగారూ?"

"ఇవాళ కూడా అంటే? రోజూ పోయే దారేగా."

"అబ్బే, తప్పు పట్టలేదండీ. మంచి పనే. పెద్దవాళ్ళు తగ్గితేనే అందం."

"నేనేం తగ్గాను?"

"ఊరుకోండి. బజారంతా చూస్తూనే ఉందిగా. అన్న కాళ్ళబేరానికి వచ్చాడు, తమ్ముడే ఇంకా బెట్టు చేస్తున్నాడు అంటున్నారు. నేను మాత్రం మీ పక్షమే. స్పాంజి మెత్తనేగా, ఎన్నాళ్ళు బిగుసుకుంటాడు? వచ్చేవారానికల్లా వంగుతాడని చెప్పులాయనతో టీ పందెం కూడా వేశాను."

దూదన్నకు ఒళ్ళు మండింది. తను ఎవరి కాళ్ళూ పట్టుకోలేదు. తన కాలే తనను పట్టుకుంది. ఆ మాట చెప్పేస్తే కాలు సంగతి బయటపడుతుంది, చెప్పకపోతే కాళ్ళబేరం ఖాయమవుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. "నీ పందెం పోయింది, టీకి చిల్లర సిద్ధం చేసుకో," అని విసురుగా కదిలాడు. పిక్క ఇంకా వదలలేదు. అయినా కదిలాడు.

మర్నాడు ఆగనే ఆగకూడదని ఒట్టు పెట్టుకుని బయలుదేరాడు. స్తంభం దగ్గరికి వచ్చేసరికి పిక్క పట్టింది. ఆయన ఆగలేదు. పళ్ళు బిగించి, పక్కకు చూడకుండా, ఎద్దు బురదలో నడిచినట్టు నడిచాడు. ఫ్రేముల కొట్టు దాటాడు, చెప్పుల కొట్టు దాటాడు. తన కొట్టులో దూది బస్తా మీద పడేసరికి కళ్ళు బైర్లు కమ్మాయి. జోడు విప్పి చూస్తే పాదం ఏకిన దూదిలా తెల్లగా ఉంది. ముట్టుకుంటే ఎవరిదో పాదం ముట్టుకున్నంత చల్లగా ఉంది.

చల్లబడినదాన్ని వేడి చేయాలనేది ఎవరికైనా తోచే తెలివే. సాయంత్రం ఇంటికి వెళ్ళి బకెట్లో వేడినీళ్ళు పోసి కాలు పెట్టాడు. వేడి తెలియలేదు. నీళ్ళు చల్లారాయేమో అనుకుని పొయ్యి మీదివి మళ్ళీ పోశాడు. అప్పటికీ తెలియలేదు. ఇంకాస్త పోశాడు. గోడ మీద నవ్వేవాళ్ళు నవ్వుతూనే ఉన్నారు. ఎవరైనా ఇంట్లో ఉంటే, వేలు ముంచి చూసి, అయ్యో ఇవేం నీళ్ళు అని కేక వేసి ఉండేవాళ్ళు. తెల్లారేసరికి చిటికెన వేలు బొబ్బలెక్కి తోలు ఊడింది.

చేతులు కాలాక ఆకులంటారు, ఇక్కడ కాలు కాలింది. పూతమందు రాశాడు, గుడ్డ కట్టాడు. పుండు మానలేదు. వేలు వంకాయ రంగుకు తిరిగి, తర్వాత నల్లబడటం మొదలుపెట్టింది. ఇంతలో ఇంకో వింత మొదలయింది. పడుకుంటే చాలు పాదం సలుపు. కాలు మంచం మీంచి కిందికి వేలాడేస్తే కాస్త ఊరట. చివరికి కుర్చీలో కూర్చునే నిద్రపోవడం అలవాటు చేసుకున్నాడు. ఊరందరినీ మెత్తగా పడుకోబెట్టిన మనిషికి పరుపు పనికిరాకుండా పోయింది.

ఇక లాభం లేదని రక్తనాళాల డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాడు. ఆమె మాటలకన్నా వేళ్ళకే ఎక్కువ పని చెప్పింది. మోకాలి వెనక, చీలమండ పక్కన, పాదం మీద వేళ్ళు ఆనించి నాడి కోసం వెతికింది. చేతికీ చీలమండకూ పట్టీలు కట్టి ఒత్తిడి చూసింది. యంత్రం పెట్టి తొడ నుంచి కింది దాకా నాళాలన్నీ చూసింది.

"సిగరెట్లు కాలుస్తారా?"

"తక్కువేనమ్మా. కొట్టులో దూది కదా, నిప్పు పనికిరాదు. బయటికి వెళ్ళి కాల్చి వస్తాను."

"రోజుకు ఎన్నిసార్లు బయటికి వెళ్తారు?"

ఆయన చొక్కా జేబు మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"దూదికి జాగ్రత్తపడ్డారు, కాలికి పడలేదు," అంది డాక్టరమ్మ. "పాత పరుపులో దూది ఉండలు కట్టడం మీరు చూసే ఉంటారు. మీ కాలి రక్తనాళాల్లో అలాగే కొవ్వు గడ్డకట్టి దారి మూసుకుపోయింది. నడిస్తే కండకు రక్తం ఎక్కువ కావాలి, అది అందక నొప్పి. మొదట్లోనే వచ్చి ఉంటే మందులతో, నడకతో సరిపోయేది. ఇప్పుడు ఊరికే కూర్చున్నా పాదానికి రక్తం అందడం లేదు. వేలు దక్కదు. పాదం కోసం మాత్రం పోరాడదాం. తీగ పంపి, బుడగతో నాళాన్ని వెడల్పు చేస్తాం."

"కుదరకపోతే?"

"మోకాలి కింద తీసేయాల్సి రావచ్చు. అది మధ్యలో తేలే సంగతి. అప్పుడు మీరు మత్తులో ఉంటారు. మీ తరఫున అవునో కాదో చెప్పే మనిషి గది బయట ఉండాలి. ఎవరున్నారు మీకు?"

"కొట్టులో పరుపులు కుట్టే ఆవిడ ఉంది. నమ్మకస్తురాలు."

"సొంతవాళ్ళండీ."

దూదన్న గోడ వైపు చూశాడు. అంత పెద్ద బజారులో తన మాటను నమ్మి సరుకిచ్చేవాళ్ళు ఉన్నారు, తన పరుపును నమ్మి నిద్రపోయేవాళ్ళు ఉన్నారు. తన కాలు సంగతి అప్పజెప్పదగ్గ మనిషి ఎవరని వెతికితే, వెతుకులాట వెళ్ళి వెళ్ళి ఆ ఎర్ర బోర్డు కిందే ఆగింది.

ఈసారి బండి ఎక్కే వెళ్ళాడు. దిగి, గుమ్మం పట్టుకుని, మొదటిసారి ఆ కొట్టులో కాలు మోపాడు. తమ్ముడు గల్లాపెట్టె దగ్గర ఉన్నాడు. మరదలు పరుపుల మీద ప్లాస్టిక్ కవర్లు సర్దుతోంది. బోర్డు మాట నమ్మి వచ్చిన ఒక లావుపాటి గిరాకీ నమూనా పరుపు మీద వెల్లకిలా పడుకుని, కళ్ళు మూసుకుని, మెత్తదనం పరీక్షిస్తున్నాడు.

అన్నను చూడగానే తమ్ముడు లేచి నిలబడ్డాడు. ముందే అనుకుని పెట్టుకున్నట్టుగా వచ్చాయి మాటలు.

"రా అన్నయ్యా. వస్తావని నాకు తెలుసు." భార్య వైపు తిరిగాడు. "చెప్పానా లేదా? కుర్చీ వెయ్యి."

"కూర్చోండి బావగారూ," అంది మరదలు కుర్చీ తెస్తూ. "ఎంత చిక్కిపోయారు!"

"నువ్వేం చెప్పక్కర్లేదు అన్నయ్యా," అన్నాడు తమ్ముడు. "నేనూ పాతవి తవ్వను. ఇన్ని రోజులు నా గుమ్మం ముందు నిలబడ్డావు చూడు, అది చాలు నాకు. అందరూ కాళ్ళబేరం అంటుంటే నాకే సిగ్గేసింది. నేనే బయటికి రావాల్సింది. నువ్వు వచ్చే వేళకు కనబడాలని పొద్దున్నే ముందుగా షట్టరు ఎత్తుతున్నాను గాని, కాలు గడప దాటలేదు."

దూదన్న కుర్చీ పట్టుకుని నిలబడ్డాడు.

ఆయన వ్యాపారమంతా ఒక నియమం మీద నడిచింది. గిరాకీకి అబద్ధం చెప్పకూడదు. కాని గిరాకీ తనంతట తాను పొరబడితే, దాన్ని దిద్దే బాధ్యత వ్యాపారిది కాదు. ఇప్పుడు ఎదురుగా నిలబడ్డవాడు తనంతట తానే పొరబడ్డాడు. ఊరికే తల ఊపితే చాలు, బేరం కుదిరినట్టే. ఆసుపత్రికి వస్తాడు, గది బయట కూర్చుంటాడు, అడిగినదానికల్లా సరే అంటాడు. ఇంత తేలిగ్గా తెగే బేరం దూదన్న జన్మలో చూడలేదు.

కాని రేపు తను మత్తులో ఉన్నప్పుడు కాలు ఉంచాలా తియ్యాలా అని చెప్పాల్సిన మనిషి వీడు. తప్పు తూకం చూపించి వీడి చేతిలో పెట్టే సరుకు కాదిది.

"నీకోసం కాదురా ఆగింది," అన్నాడు.

"ఏంటి?"

"కాలు నొప్పి. నడుస్తుంటే పట్టేసేది. సరిగ్గా ఇక్కడికి వచ్చేసరికి."

వంగి మేజోడు లాగాడు, గుడ్డ విప్పాడు. మరదలు "అయ్యో బావగారూ" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పరుపు మీది గిరాకీ ఒక కన్ను తెరిచి చూసి, వెంటనే మూసేసుకున్నాడు.

తమ్ముడు ఆ నల్లటి వేలు వైపు చూస్తూ నిలబడ్డాడు.

"అంటే రోజూ నొప్పికేనా?"

"రోజూ."

"ఒక్కరోజు కూడా..."

"ఒక్కరోజు ఇక్కడ ఆగకుండా పోవాలని చూశాను. కాళ్ళబేరం అన్నారని. ఆ పంతం తెచ్చిన తంటానే ఈ వేలు."

తమ్ముడి ముఖంలో ఏదో మడత పెట్టినట్టయింది. వెళ్ళి, భార్య సర్దిన కవరునే మళ్ళీ సర్దాడు. వేలు సంగతి అతనికి తర్వాత అర్థమవుతుంది, ముందు అర్థమైంది రోజూ ఎత్తిన షట్టరు సంగతి. దూదన్నకు అది తెలుస్తూనే ఉంది.

మరదలే కల్పించుకుంది. "ఆ పంచాయితీ తర్వాత పెట్టుకోండి. పచ్చిపుండు పెట్టుకుని వచ్చిన మనిషిని నిలబెట్టి లెక్కలా? ఆసుపత్రికి ఎప్పుడు బావగారూ?"

దూదన్న చెప్పాడు. డాక్టరమ్మ ఏం అడిగిందో కూడా చెప్పాడు.

"వస్తాను," అన్నాడు తమ్ముడు, సరుకు బండి ఎప్పుడొస్తుందో చెప్పినట్టు. చేతిలో కవరు వదలకుండానే, "కాలు తియ్యాలా అని అడిగితే ఏం చెప్పమంటావు?" అన్నాడు.

"నీకెలా తోస్తే అలా చెప్పు."

"నాకు తోచింది నువ్వెప్పుడైనా విన్నావా?"

"ఇప్పుడు వింటాను. మత్తులో ఉంటాగా, ఎదురు చెప్పలేను."

పరుపు మీది గిరాకీకి నవ్వు ఆగలేదు. పొట్ట కదిలింది, పొట్టతో పాటు స్పాంజి కూడా ఊగింది. అన్నదమ్ములు ఇద్దరూ ఒకేసారి అటు చూశారు. నవ్వలేదు గాని, ఇద్దరూ చూశారు.

ఆసుపత్రిలో అనుకున్నదే జరిగింది. పైనుంచి పంపిన తీగ మధ్యలో గట్టిపడ్డ చోట దిగలేదు. డాక్టరమ్మ బయటికి వచ్చి, పాదం వైపు నుంచి ఎదురు వెళ్ళి చూడవచ్చు, కుదరకపోతే ఉన్న సన్నదారి కూడా మూసుకుపోవచ్చు, లేదా ఇక్కడితో ఆపి కాలు తీసే ఏర్పాటు చేసుకోవచ్చు అంది. ఈ సంగతి తర్వాత మరదలు చెప్పింది దూదన్నకు. "మీ తమ్ముడు ఆమెను అడిగిందే అడిగి దూది ఏకినట్టు ఏకేశాడనుకోండి. చివరికి, కింద నుంచే చూడండి అన్నాడు. అని కూర్చున్నాక మంచినీళ్ళ గ్లాసు పట్టుకోలేకపోయాడు. మళ్ళీ ఆమె వచ్చి దారి దొరికింది అనేదాకా ఆ గ్లాసు నేనే పట్టుకున్నాను."

వేలు పోయింది. పాదం దక్కింది. డాక్టరమ్మ దూదన్న చెయ్యి పట్టి పాదం మీద ఆనించింది. చాలాకాలానికి అది తనదిలాగే వెచ్చగా ఉంది. వేలి కింద నాడి టక్ టక్ మని కొట్టుకుంటోంది.

తమ్ముడు రోజూ వచ్చి మంచం పక్కన కూర్చునేవాడు. మాత్ర వేసుకున్నావా, డ్రెస్సింగు మార్చారా, ఇంతే మాటలు. ఒకసారి ఏమీ తోచక ఆసుపత్రి పరుపును బొటనవేలితో నొక్కాడు. "నాసిరకం. రెండు నెలల్లో కుంగిపోతుంది," అన్నాడు. గాలేగా అనే మాట దూదన్న నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు. మింగినట్టు తమ్ముడికి తెలిసిందో లేదో తెలియలేదు.

ఇంటికి పంపిన రోజు తమ్ముడే దింపాడు. లోపలికి వచ్చి మందులు బల్ల మీద పెట్టి, గోడ వైపు చూశాడు.

"ఎవరు వీళ్ళు?"

"ఫ్రేముతో పాటు వచ్చారు."

తమ్ముడు ఆ నలుగురినీ చాలాసేపు చూశాడు. "తలుపు గడియ వేసుకో," అని వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. రావాల్సిన పని అయిపోయింది. మరదలు ఒకటి రెండుసార్లు ఫోను చేసింది.

సిగరెట్టు ముట్టుకోవద్దు, రోజూ నడవాలి, నొప్పి వస్తే ఆగాలి, తగ్గాక మళ్ళీ నడవాలి. ఇదీ డాక్టరమ్మ ఆజ్ఞ. కొత్త నాళాలు అలాగే తెరుచుకుంటాయట. పుండు మానాక దూదన్న కర్ర పట్టుకుని కొట్టుకు బయలుదేరాడు. స్తంభం దగ్గరపడుతుంటే అలవాటుగా పిక్క కోసం ఎదురుచూశాడు. పిక్క ఊసే లేదు. బోర్డు కింద నుంచి కాలు ఆయనను తీసుకుపోయింది. షట్టరు మూసి ఉంది. అంత పొద్దున్నే ఎత్తే అవసరం ఇప్పుడు తమ్ముడికి లేదు. నొప్పి ఎక్కడో అవతల, ఇనుప గ్రిల్స్ అమ్మే కొట్టు ముందు వచ్చింది. అక్కడివాడు కొత్తవాడు. "ఏం కావాలండీ?" అన్నాడు. "ఏమీ వద్దు," అన్నాడు దూదన్న. నటించే ఓపిక కూడా లేదు.

ఇలా కొన్నాళ్ళు గడిచాయి. తాళాలాయన ఒకరోజు ఆపాడు.

"ఏంటండీ షావుకారుగారూ, ఇప్పుడు రైలుబండిలా దూసుకుపోతున్నారు! బేరం తెగిందా?"

"తెగింది."

"ఎవరు గెలిచారు మరి? నా టీ సంగతి తేలాలిగా."

"కాలు గెలిచింది. టీ నువ్వే తాగు."

మంచి లాభమే ఇది. చచ్చిన పాదం బతికింది, చోటు వెనక్కి జరగడం మాని ముందుకు జరుగుతోంది. ఇంకో నెలకు సొంత కొట్టు దాకా ఆగకుండా వెళ్ళవచ్చు. కాని ఏ లాభానికైనా ఒక కోత ఉంటుంది. ఇదివరకు ఆగడానికి ఒక కారణం ఉండేది. దాన్ని డాక్టరమ్మ తీగ పెట్టి తీసేసింది.

ఒకరోజు కావాలనే ఆలస్యంగా బయలుదేరాడు. షట్టరు ఎత్తి ఉంది. లోపల ఎవరో ఆలుమగలు పరుపులు నొక్కి చూస్తున్నారు. దూదన్న స్తంభం దగ్గరికి వచ్చి ఆగాడు. పిక్క హాయిగా ఉంది. పాదం వెచ్చగా ఉంది. బోర్డు చదివాడు, మళ్ళీ చదివాడు.

తమ్ముడు చూశాడు. గిరాకీలను వదిలి గుమ్మంలోకి వచ్చాడు.

"నొప్పా?"

కాదంటే, మరెందుకు ఆగావు అంటాడు. దానికి చెప్పాల్సిన జవాబు దూదన్న జీవితంలో ఎప్పుడూ ఎవరికీ చెప్పి ఎరగడు. భార్యకు కూడా చెప్పలేదు.

"నొప్పే," అన్నాడు.

తమ్ముడు ఆయన ముఖంలోకి ఒక క్షణం చూశాడు. లోపలికి వెళ్ళి కుర్చీ తెచ్చి నీడలో వేశాడు. "కూర్చో. తగ్గాక వెళ్దువుగాని," అని మళ్ళీ గిరాకీల దగ్గరికి వెళ్ళిపోయాడు. అతను స్పాంజి సాంద్రత గురించి చెబుతున్న మాటలు బయటికి వినిపిస్తున్నాయి. బాగానే చెబుతున్నాడు.

దూదన్న కుర్చీలో కూర్చుని, కర్ర మోకాళ్ళ మధ్య పెట్టుకుని, వీధిలోకి చూస్తున్నాడు. ఉన్న నొప్పి ఎంతసేపట్లో తగ్గుతుందో ఆయనకు బాగా తెలుసు. లేని నొప్పి తగ్గడానికి ఎంతసేపు పడుతుందో, ఎప్పుడు లేస్తే మర్యాదగా ఉంటుందో తెలియలేదు.